క్వాడ్ బైక్ వెనక చక్రం ఊగితే: కళింగపట్నంలో నా అనుభవం

రథసప్తమి దగ్గర పడుతోందంటే మా బావమరిదికి టెన్షన్ మొదలవుతుంది. అరసవల్లి దర్శనానికి వచ్చినవాళ్లలో కొందరు అటునుంచి అటే కళింగపట్నం బీచ్‌కి వస్తారు. అక్కడ ఇసుకలో అతను నడిపే క్వాడ్ బైక్‌కి (నాలుగు చక్రాల బండికి) అప్పుడే మంచి గిరాకీ. సరిగ్గా ఆ పండగ ముందు ఫోన్ చేశాడు.

"బావా, బండి తోక ఊపుతన్నాది. బ్రేకు కూడా ఒకసారి నొక్కితే పట్టట్లేదు, రెండోసారికి పడతన్నాది."

అప్పటికే ఒక వర్క్‌షాప్‌లో చూపించాడట. బండి ఎత్తి చూడకుండానే వెనక ఇరుసు, దాన్ని పట్టి ఉంచే హౌసింగ్ మొత్తం మార్చాలని చెప్పి పంపేశారు. ఆ సామాను బయటి ఊరి నుంచి రావాలి, ఖరీదూ ఎక్కువే. నాది ఆటోలు, ట్రాలీలు చూసే చేయి. లూజు ఎక్కడుందో తెలియకుండా ఏ పార్టూ కొనొద్దని చెప్పి, ఆదివారం పొద్దున్నే గార మీదుగా బయల్దేరాను.

ఈ రకం బండికి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. కారుకి ఉన్నట్టు, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. ఇరుసు ఒక హౌసింగ్‌లోంచి వెళ్తుంది. అందులో రెండు బేరింగులు, వాటి మధ్య స్పేసర్ గొట్టం, రెండు పక్కలా ఆయిల్ సీళ్లు. ఒక వైపు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం), రెండో వైపు బ్రేకు డిస్కు. వెనక ఇరుసుని మోసే పొడవాటి చేయి స్వింగ్ ఆర్మ్. హౌసింగ్ దాని వెనక కొసన ఉంటే, ముందు కొస ఛాసిస్‌కి (బండి చట్రానికి) పివోట్ బోల్టుతో, అంటే కీలు బోల్టుతో ఉంటుంది. కాబట్టి చక్రం పట్టుకుని ఊపినప్పుడు చేతికి తెలిసే లూజు వీటిలో ఏ అతుకు నుంచైనా రావచ్చు. బేరింగుదే తప్పని చక్రం చెప్పదు.

ముందు టైర్లలో గాలి చూశాను. ఇది చాలామంది వదిలేసే పని. క్వాడ్ టైర్లలో గాలి చాలా తక్కువ ఉంటుంది, చాలా బళ్లకి 3 నుంచి 5 పీఎస్ఐ మధ్య. పంక్చర్ షాపులో లారీ టైర్లకి వాడే గేజి ఆ కింది అంకెల్ని సరిగా చూపించదు. తక్కువ ప్రెషర్ గేజి కావాలి. ఇరుసు ఒకటే కాబట్టి ఒక టైరులో గాలి తగ్గితే ఆ చక్రం చిన్నదైపోయి బండి ఒక పక్కకి లాగుతుంది, అది కూడా తోక ఊపినట్టే అనిపిస్తుంది. ఇక్కడ రెండూ సమానంగానే ఉన్నాయి.

వెనక భాగాన్ని జాకీతో ఎత్తి, ఛాసిస్ కింద దిమ్మలు పెట్టించాను. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ అని స్పష్టంగా తగులుతోంది. మా బావమరిది, "సూసినావా బావా, బేరింగే" అన్నాడు. "ఒగ్గీరా ముందు, హబ్బు చూద్దాం" అన్నాను.

హబ్బు అంటే చక్రాన్ని ఇరుసుకి కలిపే భాగం. దానికి పరీక్ష తేలిక. బ్రేకు గట్టిగా పట్టి ఉంచమని, చక్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాలి. డిస్కు, ఇరుసు కదలకుండా చక్రం మాత్రం కొద్దిగా తిరిగితే హబ్బు లోపలి పళ్లు అరిగినట్టు. అలా జరగలేదు. హబ్బు నట్టు బిగువుగా ఉంది, అది ఊడకుండా అడ్డుండే స్ప్లిట్ పిన్ కూడా ఉంది. తర్వాత స్వింగ్ ఆర్మ్‌ని పట్టుకుని పక్కలకి నెట్టాను. పివోట్ బుష్‌లు (ఆ కీలులోని గొట్టాలు) పోతే అక్కడ ఊగుతుంది. ఊగలేదు.

ఆ తర్వాత నేను ఎక్కువగా నమ్మే పద్ధతి. రెండు భాగాలు కలిసే గీత మీద బొటనవేలు పెట్టాలి, సగం ఒకదాని మీద, సగం రెండోదాని మీద. చక్రాన్ని ఇంకొకరు ఊపుతుంటే కంటికి కనిపించని కదలిక కూడా వేలికి తెలిసిపోతుంది. స్వింగ్ ఆర్మ్, హౌసింగ్ కలిసే చోట వేలు పెట్టాను, ఏమీ లేదు. అంటే హౌసింగ్ బోల్టులు లూజు కాలేదు. హౌసింగ్ అంచు మీద, ఇరుసు మీద పెట్టాను. స్ప్రాకెట్ వైపు చాలా కొద్దిగా. డిస్కు వైపు మాత్రం ఇరుసు వేలి కింద లేచి పడుతోంది. బ్రేకు సంగతీ అక్కడే తేలింది. ఇరుసు ఊగినప్పుడల్లా డిస్కు ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తోంది. మొదటి నొక్కు ప్యాడ్లని తిరిగి దగ్గరికి తేవడానికే సరిపోతోంది, రెండోదానికి పట్టు దొరుకుతోంది.

ఇరుసు వంగిందేమోనని కూడా చూశాను. చైన్ తీసి, బ్రేకు ప్యాడ్లుండే క్యాలిపర్ విప్పి, దాని బరువు బ్రేకు పైపు మీద పడకుండా తీగతో కట్టి, ఇరుసుకి దగ్గరగా ఒక తీగ ముక్క నిలబెట్టి నెమ్మదిగా తిప్పాం. వంగిన ఇరుసైతే ప్రతి చుట్టులోనూ అదే చోట తీగకి దగ్గరవుతుంది. ఇక్కడ అలా ఒకే చోట రాలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని మళ్లీ తిప్పితే డిస్కు వైపు గరగర. మా వాడికీ వినిపించాను. ఇలాంటివి బండి యజమాని చెవికే తెలియాలి.

విప్పేటప్పుడు ఇరుసు మర కొసన సుత్తితో నేరుగా కొట్టకూడదు. నట్టుని కొస సమానంగా ఉంచి, చెక్క అడ్డం పెట్టి కొట్టాం. బయటికొచ్చిన బేరింగులో గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రమట్టి లాంటి తుప్పు ముద్ద. లోపలి ఇనప గుండ్లు పొక్కిపోయాయి, వాటిని పట్టి ఉంచే రేకు ఒక చోట తెగింది. సీలు పెదవి ఇసుకకి అరిగి ఇరుసుని అంటుకోవడమే మానేసింది. వేగంగా తిరిగి వేడెక్కిన హౌసింగ్‌ని అలల్లోకి దించితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, సీలు సందులోంచి ఉప్పు నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. నీళ్ల అంచునే బండి నడపడం పిల్లలకి సరదా. దానికి మూల్యం బేరింగు కట్టింది.

అసలు భయం ఇంకొకటి. లోపలి రింగు ఇరుసు మీద జారి తిరిగి ఉంటే ఇరుసు అరిగిపోతుంది. అప్పుడు కొత్త బేరింగు వేసినా లూజే, వర్క్‌షాప్ వాళ్ల మాటే నిజమయ్యేది. జారిన గుర్తుగా మెరిసే గీతల కోసం ఇరుసంతా తుడిచి చూశాను, లేవు. వెర్నియర్ కొలతబద్దతో కొలిస్తే బేరింగు కూర్చునే చోట 35 మిల్లీమీటర్లు. పాత బేరింగు మీద 6007 2ఆర్ఎస్ అని ఉంది. ఆఖరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది (04 నుంచి ఈ లెక్క సరిపోతుంది), 2ఆర్ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీళ్లున్నది. బయటి వ్యాసం 62, వెడల్పు 14. మామూలు సైజే కాబట్టి శ్రీకాకుళంలోనే దొరికింది. రెండు బేరింగులూ, రెండు సీళ్లూ కొన్నాం. ఒకటే మార్చి రెండోది పాతది ఉంచడం నాకిష్టం లేదు.

బిగింపులో ముఖ్యమైనది స్పేసర్. అది లేకుండా నట్టు బిగిస్తే లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోయి కొత్త బేరింగు కూడా తొందరగా పోతుంది. హౌసింగ్‌లోకి దించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి, దానికి పాత బేరింగు బయటి రింగునే వాడాను. కొత్తది ఇరుసు మీదకి వదులుగా జారలేదు, మెల్లగా తట్టితే బిగువుగా కూర్చుంది. అది చూశాకే నాకు ధైర్యం వచ్చింది. సీళ్ల పెదవులకి నీళ్లకి తట్టుకునే గ్రీజు రాశాం. వేటకెళ్లే బోటు ఇంజన్లకి వాడేదే, ఊళ్లోనే ఉంది. ఇరుసు మీది జంట నట్లకి థ్రెడ్ లాక్ (నట్టు వదులవకుండా పట్టే జిగురు) పూసి, ఒకదాని మీద ఒకటి బిగించి, నట్టు కదిలితే తెలిసేలా రెంటి మీదుగా ఇరుసు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. హబ్బులకి కొత్త స్ప్లిట్ పిన్నులు వేశాం.

చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఇప్పుడు చప్పుడు లేదు. బ్రేకు మొదటి నొక్కుకే పట్టింది. కడిగేటప్పుడు ప్రెషర్ పైపు హౌసింగ్ వైపు పెట్టొద్దనీ, అలల్లోకి దించొద్దనీ, రోజూ సాయంత్రం మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడగమనీ చెప్పాను. మొదటి రోజు సవారీలయ్యాక తెల్ల గీత ఫొటో తీసి పంపమన్నాను. పంపాడు. నట్టు మీద, ఇరుసు మీద గీత ఒకే వరసలో ఉంది.