కిటికీ ముందు గ్లాసు

వారం రోజులుగా ఈజిల్ మీదున్న బొమ్మను ఇవాళ పొద్దున్నే మళ్లీ చూశాను. కిటికీ గట్టు మీద నీళ్ల గ్లాసు, వెనకాల చెట్టు. ఆకు ఆకునా ఈనెలతో సహా వేశాను. గ్లాసు అంచూ అంతే పదునుగా ఉంది. అందరూ ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడనట్టు ఉంది బొమ్మ.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ పెట్టి ఫొటో తీశాను. గ్లాసు స్పష్టంగా, చెట్టు మసగ్గా వచ్చింది. బాగానే ఉంది గానీ, నా కంటికి చెట్టు అలా కనబడదు. అటు చూపు తిప్పానంటే చెట్టే స్పష్టమైపోతుంది. ఆ కెమెరా చూపునే అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ 1967-68లో తన పెద్ద స్వీయచిత్రంలోకి తెచ్చాడు. ఎత్తు రెండున్నర మీటర్ల పైమాటే, ఫొటోలో మసకబారిన చోటల్లా ఓపిగ్గా మసగ్గానే వేశాడు. నాకంత ఓపిక లేదు.

నాకు ఎక్కువ ఇష్టమైంది జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిఖ్టర్ 1988లో వేసిన 'బెట్టీ'. అందులో ఆయన కూతురు మనకు ముఖం చూపించదు, వెనక్కి తిరిగి ఉంటుంది. పూల జాకెట్టు, ముడేసిన జుట్టు ముందు మన చూపు ఆగిపోతుంది. ఆ అమ్మాయి చూసేది మాత్రం వెనకున్న బూడిదరంగును. అది రిఖ్టర్ వేసిన మరో బొమ్మే. మనకు బ్యాక్‌గ్రౌండ్ అనిపించేదే ఆమె చూస్తున్న విషయం!

మధ్యాహ్నం నేనూ ఆయన పద్ధతే పట్టాను. తడి రంగు మీద పొడి బ్రష్‌తో మెల్లగా లాగితే అంచులు కలిసిపోతాయి. నా చెట్టేమో ఎప్పుడో ఆరిపోయింది. పైన మళ్లీ ఆకుపచ్చ పూసి లాగాను. రెండు గంటలు పట్టింది. చెల్లి వచ్చి చూసి, "చెట్టు భలే వచ్చిందక్కా" అంది. గ్లాసు ఊసే ఎత్తలేదు. మసగ్గా చేస్తే వెనక్కి వెళ్తుందనుకున్నది కాస్తా ముందుకొచ్చి కూర్చుంది.

విసుగొచ్చి బొమ్మ వదిలేసి, అసలు గ్లాసు దగ్గరికెళ్లి వంగి చూశాను. నీళ్లలో బుల్లి చెట్టు ఉంది. బయట ఎడమకి వంగిన కొమ్మ అందులో కుడికి వంగింది. వారమంతా దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎడమకే వేశాను!

నైఫ్‌తో గ్లాసు లోపలి రంగంతా గీకేశాను.