తేడా ఏడు వేలు

ఆదివారం.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా నాన్న బ్యాంకు ఖాతా లెక్కలు ఈ రోజు కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఎక్కించడం పెద్ద పనేం కాదు. ఎక్కినవి సరైనవో కాదో తేల్చడానికే పొద్దున టిఫిన్ దగ్గర మొదలుపెడితే దీపాలు పెట్టే వేళైంది. అయినా రోజు వృథా అయిందని నాకు అనిపించలేదు. మన డబ్బు ఎటు పోయిందో మనకు రూపాయితో సహా తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

మా ఇంటి రాబడి, ఖర్చు అంతా నాన్న ఖాతా మీదుగానే నడుస్తుంది. పై వాటా అద్దె, తమ్ముడు హైదరాబాద్ నుంచి పంపే డబ్బు వచ్చేది అందులోకే. కరెంటు బిల్లు, అమ్మ మందులు, గుంటూరు బ్రాడీపేటలో పాల దగ్గర నుంచి కూరగాయల దాకా పోయేదీ అందులోంచే. లెక్కలు నేను గ్నూక్యాష్‌లో రాస్తాను. 1998 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది. నాన్నకు అది నచ్చడానికి కారణం వేరే. ఆయన మిర్చి యార్డు దగ్గర కమిషన్ కొట్లో గుమాస్తాగా పనిచేసిన మనిషి. చిట్టా, ఆవర్జా రాసిన చెయ్యి. ప్రతి మొత్తానికీ ఒక జమ, ఒక ఖర్చు ఉండి తీరాలని ఈ సాఫ్ట్‌వేర్ కూడా పట్టుబడుతుంది. రెండో వైపు చెప్పకపోతే ఆ మొత్తాన్ని ఇంబ్యాలెన్స్ అనే ఖాతాలో విడిగా పెట్టి, తేల్చమని మన ముందుంచుతుంది. "ఇది పద్ధతి" అన్నాడు నాన్న మొదటిసారి చూసినప్పుడు.

ఈసారి ఫైలు తమ్ముడు తయారుచేసి పంపాడు. బ్యాంకు వెబ్‌సైట్ నుంచి స్టేట్‌మెంట్ దించి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్‌లో సర్ది, సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలుగా, మెయిల్ చేశాడు. ఎక్కించాను. రిజిస్టర్ అడుగున చూపించే నిల్వకీ, బ్యాంకు స్టేట్‌మెంట్ చివర ఉన్న నిల్వకీ ఏడు వేలు తేడా వచ్చింది.

నాన్న కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయన చూపు ముందు తేడా మీదికి పోలేదు, చివరి వరుస తేదీ మీదికి పోయింది.

"అమ్మాయ్, గ్యాస్ డబ్బులు డిసెంబర్ ఆరున కట్టామంటుందేమిటి ఇది?"

ఇంకా జులై నెలే. గ్యాస్ డబ్బులు కట్టింది జూన్ 12న. బ్యాంకు ఫైల్లో 12/06 అని రోజు ముందు, నెల తర్వాత ఉంది. తమ్ముడి ల్యాప్‌టాప్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంది. అక్కడ నెల ముందు. కాబట్టి అది డిసెంబర్ 6 అయి కూర్చుంది. మరి జూన్ 13, 14, 25 తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయే అంటే, పదమూడో నెల లేదు కదా. స్ప్రెడ్‌షీట్ వాటిని తేదీలుగా గుర్తించలేక, మామూలు అక్షరాల్లా ఎడమ పక్కన వదిలేసింది. తమ్ముడు వాటిని చూసి, తేడాగా ఉన్నాయని చేత్తో దిద్దాడు. కుడి పక్కకు చక్కగా జరిగిన వాటిని సరైనవే అనుకుని, కాలమ్ మొత్తానికీ ఏడాది-నెల-రోజు వరుస పెట్టి పంపాడు.

ఇక్కడ జరిగేది మనం ఊహించే దానికి సరిగ్గా తలకిందులు. స్ప్రెడ్‌షీట్ తేదీగా ఒప్పుకున్నవే తప్పులు. ఒప్పుకోక వదిలేసినవే సరైనవి. కంటికి చెడ్డగా కనపడేది దిద్దుకుంటాం, బాగా కనపడేది వదిలేస్తాం. అందుకే ఈ తప్పు ఇన్ని ఇళ్లలో పట్టుబడకుండా తిరుగుతోందని నా అభిప్రాయం. పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది: ప్రతి నెలా 1 నుంచి 12 దాకా ఉన్న తేదీలే చెదిరి, 13 నుంచి సక్రమంగా ఉంటే అది ఇదే. 5/5, 6/6 లాంటివి తిరగేసినా అవే కాబట్టి వాటిని చూసి మోసపోకూడదు.

తేదీలు సరిచేశాం. తేడా మాత్రం ఏడు వేలు అలాగే ఉంది. తేదీ మారితే మొత్తం మారదు కదా.

"సగం చెయ్యి" అన్నాడు నాన్న.

మూడు వేల ఐదు వందలు.

"ఇప్పుడు ఆ మొత్తం ఎక్కడుందో వెతుకు. జమ పడాల్సింది ఖర్చులో పడితే తేడా రెట్టింపు చూపిస్తుంది."

కొట్లో రోజూ సాయంత్రం చేసిన పని ఇదేనట. రైతు పట్టీలు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా చీటీలు అన్నీ ఎక్కించాక నిల్వ తేలకపోతే, ముందు తేడాను తొమ్మిదితో భాగించేవాళ్లు. తెగితే ఎవరో అంకెలు తిరగేసి రాశారన్నమాట. 54ను 45 అని రాస్తే తేడా 9, 5,400ను 4,500 అని రాస్తే 900. ఎలా తిరగేసినా తొమ్మిదితో తెగుతుంది. తెగకపోతే సగం చేసి, ఆ మొత్తం కోసం వెతికేవాళ్లు. ఏడు వేలు తొమ్మిదితో తెగదు. పైగా ఇది చేత్తో రాసింది కాదు. "మిషను అంకెలు తిరగెయ్యదమ్మా, వైపు మారుస్తుంది" అన్నాడు నాన్న. ఈ మాట నేను ఏ సాఫ్ట్‌వేర్ సహాయ పుటల్లోనూ చదవలేదు. కంప్యూటర్ ముట్టుకోని మనిషి నోట విన్నాను.

3,500 అని వెతికితే వెంటవెంటనే మూడు వరుసలు. మే నెలలో కొత్తపేటలో అమ్మకు స్కానింగ్ తీయించినప్పటివి. యూపీఐలో కడితే ఖాతాలోంచి పోయింది, వాళ్లకు చేరలేదు. మళ్లీ కట్టాం. మొదటిసారి పోయినవి తర్వాత తిరిగొచ్చాయి. దుకాణానికో సంస్థకో కట్టిన యూపీఐ డబ్బు ఇలా మధ్యలో ఆగిపోతే, ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున ఖాతాదారుకి ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019లోనే నియమం పెట్టింది. మాకు మూడో రోజుకే వచ్చాయి. కాకపోతే బ్యాంకు ఫైల్లో ఆ తిరిగొచ్చిన మొత్తాన్ని జమ కాలమ్‌లో వేయకుండా, ఖర్చు కాలమ్‌లోనే అంకె చివర మైనస్ పెట్టి చూపించారు. అంకెల్లో కామాలు తీసేయడానికి తమ్ముడు వాడిన ఫార్ములా ఆ మైనస్‌ను కూడా ఊడ్చేసింది. దాంతో తిరిగొచ్చిన డబ్బు మరోసారి పోయినట్టు అయింది.

ఫోన్ చేసి చెబితే తమ్ముడు పాపం చాలా బాధపడ్డాడు. నేనైతే వాడిని ఏమీ అనను. ఆదివారం పూట కూర్చుని ఇంటి లెక్క సర్దాలనుకున్నాడు, అంతకన్నా ఏం కావాలి?

సర్దిన ఫైలును ఇంకా సర్దడం కంటే అసలు దాని దగ్గరికే పోవడం మేలనిపించింది. గ్నూక్యాష్ సేవ్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం పేరులో పెట్టి పాత కాపీని దాస్తుంది. నిన్నటి కాపీ తెరిచి, బ్యాంకు సైటు నుంచి స్టేట్‌మెంట్ మళ్లీ దించాను. పేరు చివర స్ప్రెడ్‌షీట్ ఫైళ్లకుండే ఎక్స్‌ఎల్‌ఎస్ అనే ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు అక్షరాలే. కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య ట్యాబ్‌లు. అంటే దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో తెరవాల్సిన అవసరమే లేదు! ఇకపైన ఏ ఫైలైనా ముందు నోట్‌ప్యాడ్‌లోనే తెరుస్తాం. నోట్‌ప్యాడ్ దేన్నీ మార్చదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

పైన పేరు, చిరునామా, బ్రాంచి వివరాల వరుసలు, అడుగున సంతకం అక్కర్లేదనే వాక్యం. మొదట్లో ఇన్ని వరుసలు, చివర ఇన్ని వరుసలు వదిలెయ్యమని ఇంపోర్ట్ తెరలోనే చెప్పొచ్చు. విడదీసేది ట్యాబ్ అనీ, తేదీ రోజు-నెల-ఏడాది అనీ చెప్పాను. మైనస్ ఉన్న ఆ ఒక్క వరుసను జమ వైపుకి మార్చాను. ఈ అమరికను ఒక పేరుతో దాచుకుంటే వచ్చే మూడు నెలలకీ అదే పనికొస్తుంది.

ఇంకా ఒక చిక్కు. పోయినసారి ఎక్కించిన ఫైలు ఏప్రిల్ 5 దాకా ఉంది, ఇది ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది. మధ్యలో ఐదు రోజులు రెండుసార్లు వచ్చాయి. తేదీ, మొత్తం దగ్గరగా ఉన్నవాటిని సాఫ్ట్‌వేర్ పాతవిగా గుర్తుపట్టి పక్కన పెడుతుంది. కానీ ఏప్రిల్ 3న ఒకే ఇడ్లీ బండికి 80 రూపాయలు రెండుసార్లు ఉన్నాయి. అది ఒకే కొనుగోలు రెండుసార్లు వచ్చిందా, నిజంగా రెండుసార్లు కొన్నామా? నాన్నకు గుర్తుంది. పొద్దున ఇంట్లోకి పొట్లాలు కట్టించుకొచ్చాడు, చుట్టాలు దిగితే మళ్లీ వెళ్లాడు. అయినా జ్ఞాపకం మీద లెక్క నిలవదని ఆయనే అన్నాడు. యూపీఐకి ప్రతి చెల్లింపుకీ 12 అంకెల నంబరు ఉంటుంది. అసలు ఫైల్లో చూస్తే రెండు నంబర్లూ వేరువేరు. తమ్ముడి ఫైల్లో అయితే ఈ సంగతి ఎప్పటికీ తేలేది కాదు. పెద్ద నంబరు కనపడితే స్ప్రెడ్‌షీట్ దాన్ని 5.18ఈ+11 అని కుదించేస్తుంది. సీఎస్‌వీగా దాచితే ఆ కుదించిందే మిగులుతుంది. వందల చెల్లింపులకు ఒకటే నంబరు!

ఈ గొడవ లేకుండా చేయడానికి ఒక పద్ధతి ఎప్పుడో వచ్చింది. 1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ అనే మూడు కంపెనీలు కలిసి ఓఎఫ్‌ఎక్స్ అనే ఫైలు పద్ధతి తెచ్చాయి. అందులో తేదీ ఏడాది, నెల, రోజు వరుసలోనే ఉండాలి, సందేహానికి చోటు లేదు. ప్రతి లావాదేవీకీ సొంత గుర్తింపు నంబరు ఉండాలి, దాంతో రెండుసార్లు ఎక్కించినా సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని వదిలేస్తుంది. అంతకన్నా పాతదైన క్యూఐఎఫ్‌లో ఈ రెండూ లేవు. మా బ్యాంకు ఇచ్చేది పీడీఎఫ్, ఈ ఎక్స్‌ఎల్‌ఎస్ అనబడే ఫైలు, అంతే. మనిషి చూసుకోవడానికి చేసిన కాగితాన్నే ఫైలుగా దించి ఇస్తున్నారు. అకౌంట్ అగ్రిగేటర్ పద్ధతి 2021 నుంచి నడుస్తోంది. మన అనుమతితో మన ఖాతా వివరాలు శుభ్రంగా అప్పులిచ్చే సంస్థలకు వెళ్తాయి. కానీ ఆ వివరాలు తీసుకునేవాళ్లు ఏదో ఒక ఆర్థిక నియంత్రణ సంస్థ కింద నమోదై ఉండాలి. మా ఇంట్లో కంప్యూటర్ ఆ జాబితాలోకి ఎలా వస్తుంది? అప్పిచ్చేవాడికి అందే శుభ్రమైన లెక్క ఖాతాదారుకి కూడా అందాలి. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

సాయంత్రం టీ తర్వాత ఏ ఖర్చు ఏ పద్దులోకి వెళ్లాలో చెప్పే పని. ఇది మాత్రం నాకు ఇష్టమైన పని. మనం కొన్నిసార్లు చెబితే సాఫ్ట్‌వేర్ వివరంలోని మాటలు చూసి నేర్చుకుని, తర్వాత తనే సూచిస్తుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటేనే విడిమాటగా చూస్తుంది. యూపీఐ వివరమేమో ఖాళీ లేకుండా ఏటవాలు గీతలతో ఒకే ముద్దగా ఉంటుంది, మధ్యలో ప్రతిసారీ మారే నంబరు. ఏ రెండూ ఒకటి కావు, ఇంక ఏం నేర్చుకుంటుంది? నోట్‌ప్యాడ్‌లో వివరాల్లోని ఏటవాలు గీతలన్నిటినీ ఖాళీలుగా మార్చి ఎక్కించాను. తేదీల మధ్య గీతలు కూడా ఖాళీలైపోకుండా, ముందే వాటిని అడ్డగీతలుగా మార్చుకున్నాను. మే నెల పద్దులు చెప్పేసరికి జూన్ పాలు, మందులు తనంతట తనే సరిగ్గా సూచించింది.

పేర్లు గుర్తుపట్టడం నాన్న వంతు. క్యూఆర్ కోడ్ మీద దుకాణం పేరు ఒకటుంటే, స్టేట్‌మెంట్‌లో యజమాని పేరో, వాళ్లబ్బాయి పేరో, అదీ సగం తెగి వస్తుంది. నేను ముక్క చదవడం, ఆయన చెప్పడం. "ఆయన శంకర్ విలాస్ దగ్గర పండ్ల బండి." "అది పాలబ్బాయి వాళ్ల బావ నంబరు, పాలబ్బాయి ఫోను పోయినప్పుడు వేశాం." ఇవేవీ ఏ ఫైల్లోనూ లేవు. అందుకే ఆయన చెప్పినవన్నీ నోట్స్ గడిలో రాసి పెట్టాను.

నిల్వ పైసలతో సహా సరిపోయింది. నాన్న అక్కడితో ఆగలేదు. ఆఖరి నిల్వ ఒక్కటి సరిపోతే చాలదని, స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలాఖరు నిల్వనీ పెన్సిల్‌తో టిక్కు పెట్టించాడు. ఏప్రిల్ సరే, మే సరే, జూన్ సరే.

బ్యాంకు మెయిల్ చిరునామాకి ఒక ఉత్తరం రాశాను. తిరిగొచ్చిన మొత్తాన్ని జమ కాలమ్‌లోనే చూపమని, తేదీని ఏడాదితో మొదలుపెట్టి ఇమ్మని, కుదిరితే ఓఎఫ్‌ఎక్స్ కూడా ఇమ్మని. కటువుగా రాయలేదు. చదివే మనిషికి అర్థం కావాలని ఆ మూడు వేల ఐదు వందల వరుసను ఉదాహరణగా పెట్టాను.

పద్దులన్నీ అయ్యాక ఇంబ్యాలెన్స్ ఖాతాలో ఒక్కటే మిగిలింది. జూన్‌లో 236 రూపాయలు. డెబిట్ కార్డు ఏడాది రుసుము 200, దాని మీద 18 శాతం జీఎస్టీ 36. నాన్న ఆ కార్డు వాడనే వాడడు. బీరువాలో కవర్లోనే ఉంది. రేపు పదిన్నరకి బ్రాంచికి వెళ్లి దాన్ని మూయించేస్తానంటున్నాడు. దరఖాస్తు రాసిచ్చాను, పాస్‌బుక్ తీసి పైన పెట్టాను.