తేడా ఏమీ లేదు

ఆదివారం, రాత్రి పదిన్నర.

ఈరోజు నెలలో మొదటి ఆదివారం. అంటే బట్టతల మందులు పనిచేస్తున్నాయో లేదో చూసుకునే ఫొటో రోజు. పొద్దున్నే తలస్నానం చేసి, తల పూర్తిగా ఆరాక కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచాలి. తడి తలని ఫొటో తీస్తే జుట్టు ఉన్నదానికన్నా పలచగా కనిపిస్తుంది. నూనె రాసినా అంతే. లైటు పైనుంచి పడిందా, మాడు అద్దంలా మెరుస్తుంది. అందుకే ప్రతిసారీ అదే కిటికీ, అదే స్టూలు, అదే తొమ్మిది గంటల వెలుతురు. మొదటి నెల ట్యూబులైటు కింద ఒకటి, రెండో నెల ఎండలో ఒకటి తీసుకుని, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, రెండు రాత్రులు నిద్రపట్టక దొర్లాక పెట్టుకున్న నియమాలివి.

"కదలకండి. సుడి దగ్గర దువ్వెనతో సర్దనా?" అంది మా ఆవిడ ఫోను పట్టుకుని.

"వద్దు. ఎలా ఉంటే అలా తియ్యి."

"ఎలా ఉంటే అలా తీస్తే మీరు ఒప్పుకోరుగా. మళ్ళీ తియ్యమంటారు."

నిజమే. మొత్తం నాలుగు తీసింది. అందులో జుట్టు కాస్త ఒత్తుగా కనిపిస్తున్నదాన్ని దాచుకుందామని దుర్బుద్ధి పుట్టింది. ఎవర్ని మోసం చేయడానికో! మొదట తీసినదే ఉంచి మిగతా మూడూ చెరిపేశాను.

పది నెలల కిందట చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళింది మందుల కోసం కాదు. నేరుగా ట్రాన్స్‌ప్లాంట్, అంటే జుట్టు నాటించుకోవడం గురించి మాట్లాడుకుందామనే వెళ్ళాను. 34 ఏళ్ళకే నుదుటికి రెండు వైపులా జుట్టు లోపలికి వెళ్ళిపోయింది. సుడి దగ్గర అరచేతిలో సగమంత మేర పలచబడింది. ఎన్ని గ్రాఫ్టులు, అంటే నాటే కుదుళ్ళు, పడతాయో కూడా నేనే లెక్క వేసుకుని మరీ వెళ్ళాను. డాక్టరు ఆ లెక్క వినిపించుకోలేదు. డెర్మోస్కోప్ అనే భూతద్దం లాంటి పరికరాన్ని నెత్తికి ఆనించి, స్క్రీను నావైపు తిప్పారు. అంత పెద్దది చేసి చూస్తే సొంత తల కూడా ఎవరిదోలా ఉంటుంది. కొన్ని వెంట్రుకలు నల్లగా, లావుగా ఉన్నాయి. వాటి పక్కనే కొన్ని రంగు వెలిసి నూగులా ఉన్నాయి.

"ఈ సన్నవి చూశారా? ఇవింకా బతికే ఉన్నాయి. కానీ రాలి మళ్ళీ మొలిచిన ప్రతిసారీ ముందుకన్నా సన్నగా, పొట్టిగా వస్తున్నాయి. ఇది ఆగకుండానే నాటించుకున్నారనుకోండి. నాటినవి ఉంటాయి, చుట్టుపక్కలవి పోతాయి."

ఆ తర్వాత చెప్పినదే నా తొందరకి కళ్ళెం వేసింది. ట్రాన్స్‌ప్లాంట్‌లో కొత్త జుట్టంటూ ఎక్కణ్ణుంచీ రాదు. తల వెనక, చెవుల పైన ఉన్న కుదుళ్ళను తీసి ముందు నాటడమే. అక్కడి కుదుళ్ళు ఎక్కడికి మార్చినా తమ పాత గుణాన్ని వదులుకోవు, అందుకే రాలవు. అమెరికా డాక్టరు నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ఈ సంగతి రాశాడు. ఇవాళ్టి హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లన్నీ ఆ ఒక్క గుణం మీదే నిలబడ్డాయి. అయితే తీసిన చోట మళ్ళీ మొలవదు. ఉన్నదంతా ఇప్పుడే నుదుటి మీద పెట్టేస్తే, ఇంకో పదేళ్ళకి సుడి ఖాళీ అయినప్పుడు పెట్టడానికి ఏమీ మిగలదు. "ముందు ఒక ఏడాది మందులు వాడండి. ఆగిందో లేదో చూసి అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

ఏడాదా! బయటికొచ్చి మెట్ల మీద విసుక్కున్నాను. ఇంటికెళ్ళేసరికి ఇంకో సంగతి తట్టింది. ఆపరేషన్ చేసే మనిషి ఆపరేషన్ ఇప్పుడొద్దు అన్నారంటే, ఆ మాట వినడం మంచిదేమో.

రాసుకునే మందు మినాక్సిడిల్, 5 శాతం. పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి ఒక మిల్లీలీటరు. మూత విప్పగానే స్పిరిట్ వాసన గుప్పుమంటుంది. డ్రాపర్ మీద గీత దాకా లాగి, పాయ తీసి, చర్మానికి తగిలేలా చుక్క చుక్కగా వేయాలి. జుట్టు మీద పోస్తే దండగ. ఎంత జాగ్రత్తగా వేసినా ఒక చుక్క తప్పించుకుని చల్లగా నుదుటి మీదికి జారుతుంది. దాన్ని కనుబొమ దాకా పోకుండా వేలితో ఆపడం ఒక విద్య. తర్వాత చేతులు కడుక్కోవాలి, లేకపోతే అక్కర్లేని చోట మొలుస్తాయి. అదేమీ వేళాకోళం కాదు, ఈ మందు పుట్టుకే అలాంటిది. 1979లో అమెరికాలో దీన్ని బీపీ మాత్రగా అనుమతించారు. వేసుకున్నవాళ్ళకి మొహం మీద, చేతుల మీద జుట్టు పెరగడం మొదలైంది. బీపీ వాళ్ళు విసుక్కున్నదాన్నే బట్టతల వాళ్ళు కళ్ళకద్దుకున్నారు. 1988లో 2 శాతం ద్రావణంగా నెత్తికెక్కింది.

ఆరో వారం గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడే. తెల్ల వాష్‌బేసిన్‌లో తల విదిలిస్తే ఇరవై ముప్ఫై వెంట్రుకలు. దిండు మీద, కాలర్ మీద, కీబోర్డు సందుల్లో కూడా. ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అని డాక్టరుకి ఫోను చేశాను. ఆవిడ తొణకలేదు. నిద్రపోతున్న కుదుళ్ళను మందు తట్టి లేపుతుందట. కొత్త వెంట్రుక కిందనుంచి బయల్దేరేసరికి, ఎలాగూ రాలబోయే పాతది ముందే చోటు ఖాళీ చేస్తుందట. "వెంట్రుక విశ్రాంతి దశ సుమారు మూడు నెలలు. మామూలుగా ఈరోజు రాలినదానికి మూడు నెలల కిందటే రోజులు నిండి ఉంటాయి. రోజుకి యాభై నుంచి వంద దాకా ఎవరికైనా రాలతాయి, లెక్కపెట్టడం మానండి" అన్నారు. మానలేదు. ఇంకో నెల లెక్కపెట్టాను. రాలడం తగ్గాక లెక్క దానంతటదే మర్చిపోయాను.

ఈ మందు వల్ల ఇంట్లో ఒక గొడవ కూడా జరిగింది. మినాక్సిడిల్ పిల్లులకి విషం. కొంచెం నాకినా ప్రాణం మీదికి వస్తుంది. మా అమ్మాయి పిల్లి పడుకునేది సరిగ్గా నా దిండు మీద. అది చదివిన రోజే దాన్ని పడకగది నుంచి బహిష్కరించాం. "నీ జుట్టు కోసం నా పిల్లిని బయట పడుకోబెడతావా?" అని మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తీర్పు ఎవరి వైపు ఉండాలో నాకు తెలుసు. అయినా మందు మానలేదు.

రెండోది మాత్ర, ఫినాస్టెరైడ్, రోజుకి 1 మిల్లీగ్రాము. దీనికి మాత్రం నేను భయపడ్డాను. కథ పాతదే. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త, యుక్తవయసుకి ముందే వృషణాలు పోయినవాళ్ళకి బట్టతల రావడం లేదని గమనించాడు. వాళ్ళకి టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను ఇస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్ళకి జుట్టు ఊడటం మొదలైంది. శరీరం టెస్టోస్టెరాన్‌ని డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మారుస్తుంది. వంశంలో ఆ రాత ఉన్నవాళ్ళ కుదుళ్ళను సన్నబరిచేది అదే. ఈ మాత్ర ఆ మార్పుని అడ్డుకుని, రక్తంలో డీహెచ్‌టీని మూడింట రెండొంతుల దాకా తగ్గిస్తుంది. మొదట 1992లో ప్రోస్టేట్ వాపుకి 5 మిల్లీగ్రాములుగా వచ్చింది, జుట్టుకి 1 మిల్లీగ్రాము 1997లో.

హార్మోను అనగానే భయం ఎక్కడ మొదలవుతుందో మగవాళ్ళకి చెప్పక్కర్లేదు. కోరిక తగ్గడం, అంగం సరిగ్గా గట్టిపడకపోవడం కొద్దిమందికి వస్తాయని డాక్టరు దాచకుండా చెప్పారు. మాత్ర మానినా అవి తగ్గలేదని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారన్నారు. దిగులుగా అనిపించినా సరే, ఆపేసి వెంటనే చెప్పమన్నారు. ఆ రాత్రే మా ఆవిడకి అంతా చెప్పాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేం అంత సూటిగా మాట్లాడుకున్న రాత్రి ఇంకోటి లేదు. మొదటి మూడు వారాలూ ఏ చిన్న నీరసమైనా మాత్ర మీదే అనుమానం. నన్ను నేను పోలీసులా కాపలా కాసుకున్నాను. నాకైతే ఏమీ రాలేదు. వచ్చి ఉంటే మానేసేవాణ్ణే.

దీని నియమాలు కొన్ని వింతగా ఉంటాయి. విరిగిన మాత్రని గర్భిణులు ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే ప్రమాదం. ఆ మధ్య ఆఫీసులో రక్తదానానికి వరసలో నిలబడితే, ఈ మాత్ర పేరు చెప్పగానే వెనక్కి పంపారు. ఆపాక నెల గడవాలట. ఆ రక్తం గర్భిణికి ఎక్కిస్తే కష్టమని. వెనకాల ఉన్న కొలీగ్ "దేనికి వాడుతున్నారు?" అన్నాడు. నా తలవైపు చూశాక ఇంకేమీ అడగలేదు.

పీఆర్‌పీ కూడా మూడుసార్లు చేయించాను. మన రక్తమే తీసి, గిర్రున తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని నెత్తిలోకి ఎక్కిస్తారు. దానివల్ల ఒరిగిందేమిటో నాకు తెలియలేదు, నొప్పి మాత్రం బాగా తెలిసింది. బయోటిన్ అనే విటమిన్ నా అంతట నేనే మింగాను. అది రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుందని, థైరాయిడ్ పరీక్షకి ముందు డాక్టరు మానిపించారు. తిరిగి మొదలుపెట్టలేదు.

మధ్యాహ్నం మా పెద్దమ్మగారి అబ్బాయి వీడియో కాల్ చేశాడు.

"ఏరా, ఎంతవరకు వచ్చింది నీ పంట?"

"ఎక్కడున్నదక్కడే ఉందన్నయ్యా."

"అదృష్టవంతుడివి" అంటూ టోపీ తీసి తల వంచాడు. అన్నయ్య 27వ ఏట నాటించుకున్నాడు. మందులేవీ వాడలేదు. నుదుటి మీద రెండు వేళ్ళ వెడల్పున జుట్టు ఇప్పటికీ గట్టిగా, నల్లగా ఉంది. దాని వెనక మైదానం. ముందు వరస సైనికులు ఇంకా నిలబడే ఉన్నారు, వెనక యుద్ధం ఎప్పుడో అయిపోయింది.

"జీవితకాలం ఉంటాయన్నారు కదా అప్పట్లో?"

"వాళ్ళు అబద్ధమాడలేదురా. నాటినవి ఉంటాయన్నారు, ఉన్నాయి. మిగతావాటి సంగతి నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు." మళ్ళీ చేయించుకుందామని వెళితే, వెనక తీయడానికి పెద్దగా లేదన్నారట.

"ఇప్పుడైనా మందులు మొదలుపెట్టు. ఉన్నవి నిలబడతాయి."

"ఉన్నవెన్నిరా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను గానీ ఎందుకు నవ్వానా అనిపించింది. ఆ తర్వాత వాళ్ళ అబ్బాయి పరీక్షల గురించి మాట్లాడుకున్నాం.

అన్నయ్యతో అనలేదు గానీ, నా మందులూ శాశ్వతమేమీ కాదు. ఆపితే ఏడాది తిరిగేలోపే నిలబెట్టినదంతా వెనక్కి తీసేసుకుంటాయి. రేపు నాటించుకున్నా, పాత జుట్టు కోసం ఇవి వాడాల్సిందే. బీపీ మాత్రలాగే ఇదీ రోజూ వేసుకునే మాత్ర అనుకుంటే సరిపోతుంది. ఒక్కోరోజు సరిపోదు. ఎన్నేళ్ళని? గుండు కొట్టించుకుని హాయిగా తిరిగేవాళ్ళు లేరా? ఈ ప్రశ్న నెలకోసారి వస్తుంది, సాధారణంగా డ్రాపర్ చేతిలో ఉన్నప్పుడే.

సాయంత్రం ఆ కిటికీ పక్కన తీసిన మొదటి ఫొటో, ఇవాళ్టి ఫొటో పక్కపక్కన పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. పెద్దది చేసి చూస్తున్నాను, చిన్నది చేసి చూస్తున్నాను. మా అమ్మాయి వచ్చి భుజం మీంచి తొంగి చూసింది. పుస్తకాల్లో తేడాలు కనిపెట్టే ఆటంటే దానికి పిచ్చి.

"నేను చెప్తా, నేను చెప్తా. ఒకటి, చొక్కా వేరు. రెండు, కర్టెన్ మారింది. మూడు..." ఫోను లాక్కుని ముక్కుకి దగ్గరగా పెట్టుకుంది. "మూడు, ఇందులో స్టూలు కాలు కనిపిస్తోంది, అందులో లేదు."

"జుట్టు చూడవే."

"జుట్టు సేమ్."

"సరిగ్గా చూడు. సుడి దగ్గర."

"చూశాను నాన్నా. తేడా ఏమీ లేదు."

"ఇంకోసారి చెప్పు."

అది నావైపు విచిత్రంగా చూసి, "తేడా ఏమీ లేదు!" అని అరిచి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడింది.

డాక్టరు చెప్పిన ఏడాదికి ఇంకా రెండు నెలలుంది. రాత్రి మందు ఎనిమిదిన్నరకే రాసుకోవాల్సింది, ఇది రాస్తూ కూర్చుని మర్చిపోయాను. ఇప్పుడు రాస్తే ఆరేదాకా దిండు మీద తల పెట్టడానికి లేదు. తలుపు అవతల పిల్లి గోళ్ళతో గీరుతోంది.