ఖాళీ ఇంట్లో మూసి ఉన్న వాల్వు

శనివారం, ప్లేనో (టెక్సాస్)

ఇల్లు కొనేవారి తరఫున దాన్ని పరిశీలించే ఇన్‌స్పెక్టరుగా ఈరోజు నేను తనిఖీకి వెళ్ళిన ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉన్నది. వంటింటి కుళాయి తిప్పితే చుక్క నీరు రాలేదు. బయట మీటరు దగ్గర వాల్వు మూసి ఉంది. కొనబోతున్న గుంటూరు దంపతులు నా వెంటే ఉన్నారు. "అన్నా, ఒక్కసారి తిప్పండి, సోమవారంతో మా ఆప్షన్ గడువు అయిపోతుంది" అని ఆ అబ్బాయి బతిమాలాడు. ఆ గడువు దాటితే కారణం చెప్పకుండా ఒప్పందం నుంచి తప్పుకునే వీలుండదు కనుక అతని ఆందోళన న్యాయమైనదే. అయినా నేను వాల్వును ముట్టుకోలేదు.

మూసినవారు లీకును చూసి మూశారో, చలికి జడిసి మూశారో నాకు తెలియదు. ఇక్కడి ఇళ్ళలో చాలావాటికి నీటి గొట్టాలు అటక మీదుగా పోతాయి. 2021 ఫిబ్రవరి చలి తుఫానులో అలాంటి గొట్టాలు ఎన్నో పగిలి, మంచు కరిగాక సీలింగులు తడిసి కూలాయి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. దానివల్ల పడిన పగులు వాల్వు తెరిచేదాకా బయటపడదు. నేను మీటరు దగ్గర వంగి ఉన్న ఆ కాసేపట్లోనే పై అంతస్తు గోడలు నానిపోవచ్చు. ఖాళీ ఇళ్ళకు బీమా రక్షణను కుదించే పాలసీలు చాలా ఉన్నందువల్ల, యజమాని మొదట అడిగేది వాల్వు తిప్పింది ఎవరనే. మూసి ఉన్న వాల్వులను ఇన్‌స్పెక్టరు తెరవనక్కరలేదని ఇళ్ళ ఇన్‌స్పెక్టర్ల సంఘాలైన ఆషి, ఇంటర్‌నాచి ప్రమాణాలు రెండూ చెబుతున్నాయి. అమ్మేవారి రాతపూర్వక అనుమతి తీసుకుని తెరిచేవారు మా వృత్తిలో ఉన్నారు గానీ, అది యజమాని పంపిన ప్లంబరు చేయవలసిన పని అన్నదే నా అభిప్రాయం.

నన్ను నిజంగా బాధపెట్టింది వేరొకటి. టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి ఇళ్ళ అమ్మకపు ఒప్పందంలో 7ఎ పేరా ప్రకారం, ఇంటికి ఉన్న నీరు, కరెంటు, గ్యాసు కనెక్షన్లను అమ్మేవారే తమ ఖర్చుతో వెంటనే తెరిపించి, ఒప్పందం అమలులో ఉన్నంతకాలం అలాగే ఉంచాలి. ఆ మాట ఈ దంపతులకు ఎవరూ చెప్పలేదు. మళ్ళీ రావడానికి రుసుము ఉంటుందని చెప్పినప్పుడు ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

కుళాయిలు, డ్రెయిన్లు, డిష్‌వాషర్, వాటర్ హీటర్ పరీక్షించలేదని, కారణంతో సహా నివేదికలో రాశాను. ఆప్షన్ గడువు పొడిగింపును రాతపూర్వకంగా అడగమని, వాల్వు తెరిచేటప్పుడు ఇంటి లోపల ఒక మనిషిని తప్పక ఉంచమని, ట్యాంకు నిండకముందు వాటర్ హీటర్‌కు కరెంటు ఇవ్వనీయవద్దని వారికి చెప్పాను. సాయంత్రానికి వారి ఏజెంటు 7ఎ పేరాను ప్రస్తావిస్తూ అవతలి ఏజెంటుకు ఉత్తరం పంపారు.