మంట ఏది, వగరు ఏది: ఒక బ్యారెల్ ప్రూఫ్ బర్బన్‌తో మూడు సాయంత్రాలు

సిన్సినాటిలో స్థిరపడి చాలా ఏళ్లయినా, ఒహాయో నదికి అవతలి ఒడ్డునే ఉన్న కెంటకీ రాష్ట్రపు బర్బన్‌ను, అంటే ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీని, నేను శ్రద్ధగా రుచి చూసింది లేదు. మిత్రుడొకరు ఎలైజా క్రేగ్ అనే బ్రాండు బ్యారెల్ ప్రూఫ్ సీసా (పీపాలోంచి తీశాక నీరు కలిపి పలచన చేయని రకం) ఇచ్చి, తాగి ఊరుకోకుండా ఎలా ఉందో రాసి చూపించమని అడగడంతో ఆ పని మొదలుపెట్టాను.

సీసా మీద ఏ120 అని ఉంది. ఏ అంటే ఆ ఏడాది మొదటి విడుదల, 1 అంటే జనవరి, 20 అంటే 2020. పన్నెండేళ్లు పీపాలో ఉన్న సరుకు, 136.6 ప్రూఫ్. అమెరికా లెక్కలో ప్రూఫ్ అంకెలో సగమే ఆల్కహాలు శాతం, అంటే ఇందులో 68.3 శాతం ఆల్కహాలు. పీపాలో పోసేటప్పుడు 125 ప్రూఫ్ మించకూడదని అమెరికా నిబంధన. అయినా బయటికి వచ్చేసరికి ఇంత పెరిగిందంటే, గోదాముల పై అంతస్తుల వేడికి ఆల్కహాలు కన్నా నీరే ఎక్కువగా ఆవిరైపోవడం కారణం. మన ఊళ్లలో అమ్మే 42.8 శాతం విస్కీతో లెక్క కట్టి చూస్తే, ఇది 30 మి.లీ. తాగడం అది దాదాపు 48 మి.లీ. తాగడంతో సమానం.

మొదటి సాయంత్రం పూర్తిగా వృథా అయింది. గ్లాసులో పోసిన వెంటనే ముక్కు లోపలికి పెట్టి గట్టిగా పీల్చాను. పది నిమిషాల పాటు మరే వాసనా తెలియలేదు. నా భార్య దూరం నుంచే చూసి, వార్నిషు వాసన వస్తోందని తేల్చేసింది.

రెండో సాయంత్రం ఇరవై నిమిషాలు గ్లాసును కదపకుండా ఉంచి, ముక్కును అంచు దగ్గరే ఆపి, నోరు కొద్దిగా తెరిచి మెల్లగా పీల్చాను. మొదటి గుక్క కేవలం నాలుకను అలవాటు చేయడానికే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, అర చెంచాకు మించని రెండో గుక్కతో రాయడం మొదలుపెట్టాను. లేబుళ్ల మీద కనిపించే తోలు, పైప్ పొగాకు వంటి మాటలు నాకు ఏ జ్ఞాపకాన్నీ కదిలించలేదు. నాకు తెలిసినవి అరిసెల కోసం పెట్టిన బెల్లం పాకం ముదిరి అడుగంటబోయే క్షణంలో వచ్చే వాసన, ఎండుకొబ్బరి, కిళ్లీలోని లవంగం, అవే రాసుకున్నాను. లోపలి వైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే బర్బన్‌ను ఉంచాలన్న నియమం వల్ల వెనిలా, కొబ్బరి వాసనలు కొయ్య నుంచే వస్తాయి కనుక నా మాటలు మరీ దారి తప్పలేదు. అయితే మింగిన తరువాత గొంతులో చాలాసేపు నిలిచినది ఆల్కహాలు మంటా, మరొకటా అన్నది తేలలేదు.

దాన్ని తేల్చడానికే మూడో సాయంత్రం ఎలైజా క్రేగ్ పేరుతోనే వచ్చే, నీరు కలిపి పలచన చేసిన స్మాల్ బ్యాచ్ అనే రకాన్ని పక్కన పెట్టాను. అది 94 ప్రూఫ్, అంటే 47 శాతం. 2016 వరకు దాని మీద కూడా పన్నెండేళ్లని ఉండేది, ఇప్పుడు అందులో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల సరుకు కలుస్తుంది. బ్యారెల్ ప్రూఫ్ 30 మి.లీ.కు పదమూడున్నర మి.లీ. నీరు కలిపితే అదీ 47 శాతానికి దిగుతుంది. నీటిని మందులు కొలిచే సిరంజితో కలిపాను. నా భార్య గ్లాసులు తారుమారు చేసి ఇవ్వగా మూడుసార్లు రుచి చూశాను, మూడుసార్లూ గుర్తుపట్టాను. రెంటిలోనూ మంట ఒకేలా తక్కువగా ఉంది. నీరు కలిపిన బ్యారెల్ ప్రూఫ్‌లో మాత్రం నేరేడు పండు తిన్నాక నాలుకను పట్టుకునే వగరు అలాగే మిగిలింది. నిన్న మంట అనుకున్నదానిలో సగం ఓక్ కొయ్య నుంచి దిగిన వగరన్నమాట. ఎంత నీరు పోసినా అది పోదు, పైగా మరీ పలచబడితే బెల్లం వెనక్కి తగ్గి వగరే ముందుకు వస్తుంది.

మిత్రుడికి ఇలా రాసిచ్చాను: వాసన అద్భుతం, నోట్లో నిండుదనం నేను తాగినవాటిలో మొదటిది, ముగింపులో మాత్రం కొయ్య ఒక పాలు ఎక్కువ. 30 మి.లీ.కు 6 మి.లీ. నీరు కలిపి 57 శాతం దగ్గర ఆపితే తీపీ వగరూ సరితూగుతున్నాయి. సీసాలో ఇంకా మూడొంతులు ఉంది, సిరంజి దాని పక్కనే ఉంచాను.