మండెలో మూడో రోజు

"చలికాలము గడిచిపోయెను, వర్షకాలము తీరిపోయెను, వర్షమిక రాదు" (పరమగీతము 2:11).

ఈస్టర్ దగ్గర పడుతుంటే మా పాలకొల్లు వైపు ప్రసంగాల్లో ఈ మాట వినబడుతుంది. చిన్నప్పుడు నాకిది మింగుడు పడేది కాదు. వాన ఇక రాదంటే సంబరపడే రైతు ఎవరు? పాలస్తీనాలో వానలు చలికాలంలో పడతాయని, అవి తెరిపిచ్చాకే కొండల మీద పూలు విచ్చుకుంటాయని తర్వాతెప్పుడో తెలిసింది. మనకు వసంతం అలా రాదు. కొబ్బరిచెట్టు ఏడాదంతా ఒకేలా ఉంటుంది. నాలుగు మామిడి పిందెలు, వేపపూత వాసన, ఓ కోయిల కూత. అంతలోనే ఎండలు ముదిరిపోతాయి.

పండగ కూడా ఒక తేదీన నిలవదు. మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఏ ఆదివారమైనా రావచ్చు. ముందొస్తే దాళ్వా (రెండో పంట) వరిచేలు ఇంకా పచ్చగా ఉంటాయి. వెనకొస్తే మందిరానికి వెళ్లే దారి పొడవునా ధాన్యం ఆరబోసి ఉంటుంది.

అందుకేనేమో, పునరుత్థానం, అంటే యేసు చనిపోయి మూడో రోజు తిరిగి లేవడం, అనగానే నాకు పూలు గుర్తురావు. మా వసారాలో నాన్న కట్టిన మండె గుర్తొస్తుంది. విత్తనాల వడ్లు ఓ రోజంతా నానబెట్టి, నీళ్లు వార్చి, తడి గోనెసంచుల్లో పోసి, గడ్డి కప్పి, పైన బరువు పెట్టేవారు. విప్పి చూడనిచ్చేవారు కాదు. ఆయన అటు వెళ్లగానే నేను సంచిలోకి చెయ్యి దూర్చేవాణ్ణి. లోపల జ్వరమొచ్చిన ఒళ్లులా వెచ్చగా ఉండేది, పులిసిన వాసన వేసేది. గింజలు కుళ్లిపోతున్నాయేమోనని ఒకటే టెన్షన్. మూడో రోజు విప్పితే గింజగింజకీ ముక్కు పగిలి తెల్లటి మొలక! దాళ్వా నారుకైతే చలికి ఇంకో రోజు పట్టేదనుకోండి.

"గోధుమగింజ భూమిలో పడి చావకుండినయెడల అది ఒంటిగానే యుండును" అన్నాడు యేసు ప్రభువు (యోహాను 12:24). మన దగ్గర గోధుమ లేదు కాబట్టి నేను వడ్లగింజ అని చదువుకుంటాను. "గింజ నిజంగా చస్తే మొలకెలా వస్తుంది?" అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ మండె కట్టిన వడ్లు తిరిగి గాదెలో పోసుకోలేం, దంచి వండుకోలేం. గింజగా దాని పని అయిపోయినట్టే. ఇక వెనక్కి దారి లేదు.

శుక్రవారం, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం మూడు గంటలు చేస్తాం. ఆదివారం తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తాం. మధ్యలో శనివారం గురించి పెద్దగా మాట్లాడుకోం. ఆ రోజు సమాధుల మీద గడ్డి పీకి సున్నం వేయడంతోనే సరిపోతుంది. యేసు దేహానికి పూయడానికి సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకున్న స్త్రీలు కూడా ఆ విశ్రాంతిదినాన ఊరికే కూర్చున్నారని లూకా రాశాడు. సంచి మూతి కట్టేసి ఉంది. లోపల ఏం జరుగుతోందో వాళ్లకు తెలీదు. అమ్మ పోయిన ఏడాది మా ఇంట్లో చాలా రోజులు అలాగే గడిచాయి. ప్రార్థన చేసినా మాట వచ్చేది కాదు.

ఆదివారం సమాధి ఉన్న తోటలో మగ్దలేనే మరియ, తిరిగి లేచిన యేసును చూసి తోటమాలి అనుకుంది. ప్రసంగాల్లో దాన్ని పొరపాటుగానే చెప్తారు. ఆ భాగం చదివినప్పుడల్లా నాన్న మాత్రం, "సరిగ్గానే పోల్చుకుందిలే" అంటారు.