మారుతి 800కి ఎలక్ట్రిక్ వాటర్ పంప్ పెట్టా

మొన్న ఆదివారం మొత్తం మా పాత మారుతి 800 బానెట్ కిందే గడిచింది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్, ఇందులో ఇంజిన్ చల్లబడేలా నీళ్లు తిప్పే వాటర్ పంప్‌ని నడిపేది ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది) బెల్టే, అంటే ట్రాఫిక్‌లో ఐడిల్‌లో ఉన్నప్పుడు పంప్ కూడా మెల్లగానే తిరుగుతుంది, నాకు నచ్చనిది అదే.

ఒక్క మాట, బెల్ట్ తీయకముందే పంప్ పుల్లీ (బెల్ట్ తిప్పే చక్రం) బోల్టులు లూజ్ చేసుకోండి, తీశాక స్పానర్ పెడితే పుల్లీ కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతుంది, నాకు అరగంట దానికే పోయింది. పంప్ బాడీ మాత్రం మళ్లీ అక్కడే బిగించా, లేకపోతే ఇంజిన్‌కి ఆ రంధ్రం మూయాలి కదా, లోపలి ఇంపెల్లర్, అంటే నీళ్లని తోసే రెక్కల చక్రం, ఒక్కటే పీకేశా, అది ఉంటే నీళ్లకి అడ్డం. చేతిలోకి తీసుకుంటే తుప్పు వేళ్లకి ఎర్రగా అంటుకుంది, రెక్కల అంచులు బ్లేడులా అరిగిపోయున్నాయి. ఇన్నేళ్లూ కూలెంట్ లేకుండా ఉత్త కుళాయి నీళ్లు పోశాం, బాధేసింది.

ఇప్పుడు బెల్ట్ క్రాంక్ (ఇంజిన్ తిప్పే ప్రధాన షాఫ్ట్) నుంచి ఆల్టర్నేటర్‌కే వెళ్తుంది కాబట్టి పొట్టి బెల్ట్ కావాలి, పుల్లీల చుట్టూ తాడేసి కొలిచి తెచ్చా. కొత్త ఎలక్ట్రిక్ పంప్‌కి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), ఫ్యూజు విడిగా ఇచ్చా, ఇది మాత్రం వదలొద్దు. ఇంజిన్ ఆపాక కూడా వేడి తగ్గడానికి పంప్ కాసేపు తిరిగేలా పెట్టా, ఆ సన్నటి శబ్దం వింటూ అక్కడే నిలబడిపోయా.